బందరు నుంచి పురిటికి

తొమ్మిదో నెల పిల్లని బందరు నుంచి బెజవాడకి రైల్లో తీసుకురావలసిన పని మీకెవరికైనా పడితే, నా మాట విని మంగళవారం మాత్రం బయల్దేరకండి. నేను బయల్దేరాను. ఒక్క రోజులో చక్కబెట్టుకు వచ్చేద్దామనుకున్న ప్రయాణం రెండు రోజులైంది. దాంట్లో నా తెలివితక్కువ ఎంతో, మిగతావాళ్ల మంచితనం ఎంతో వరసగా చెబుతాను, మీరే తేల్చుకోండి.

నలభై ఎనిమిదో సంవత్సరం, తొలకరి రోజులు. నైజాం సరిహద్దు అవతలి గొడవల్లోంచి కట్టుబట్టలతో పారిపోయి వచ్చిన జనంతో బెజవాడ సత్రాలన్నీ నిండిపోయాయి. మా తమ్ముడు వెంకటేశు అత్తమామలూ అలాగే వచ్చి వాడి ఇంట్లో తలదాచుకున్నారు. ఆ ముసలివాళ్లని చూస్తే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. అక్కడెవరో చేసిన దానికి ఇక్కడి సాయిబులేం చేస్తారు చెప్పండి? కానీ కోపానికి ఆ ఆలోచన ఉంటే ఇంకేం!

పాత ఊళ్లో మాది సాలెల వీధి. మా మగ్గాలకి నూలు రంగు వేసేది ఖాదరు సాయిబు. నన్ను చెల్లెమ్మా అంటాడు, నేను అన్నయ్యా అంటాను. భార్య పోయి ఆరేళ్లయింది. ఒక్కతే కూతురు మస్తాన్‌బీ. బందరులో అద్దకం పనివాళ్లింటికి ఇచ్చాడు. తొలిచూలు. తొలికాన్పు పుట్టింట్లో జరగాలన్నది మాకెంత పట్టింపో వాళ్లకీ అంతే. పిల్లని తెచ్చుకుందామని ఖాదరన్నయ్య రెండు నెలల కిందట బందరు బస్సెక్కాడు. ఉయ్యూరు దగ్గర బస్సులో ఉన్న కొందరు కుర్రాళ్లు లేచి, “ఈ సాయిబుతో కలిసి మేం రాం, దిగు” అని దింపేశారు. ఇరవై మైళ్లు ఎండలో నడిచి ఇంటికొచ్చాడు. ఎవరన్నయ్యా వాళ్లు అంటే, “ఎవరోనమ్మా, ఎరగను” అన్నాడు. మళ్లీ బస్సెక్కలేదు, రైలెక్కలేదు. అక్కడ పిల్లకి నెలలు నిండిపోతున్నాయి.

బస్సు దింపేసిన మూడో రోజున మా వెంకటేశు నా ఇంటికొచ్చాడు. అన్నం పెట్టాను. కలిపిన ముద్ద కలిపినట్టే పెట్టి లేచిపోయాడు. “ఏమొచ్చిందిరా నీకు?” అని గదమాయిస్తే, గోడకేసి తిరిగి, “దిగమన్నది నేనే అక్కా” అన్నాడు.

అన్నయ్య రంగు బానల పక్కన ఆడుకుని పెరిగినవాడు వీడు. మస్తాన్‌బీని బుజాన ఎక్కించుకుని కృష్ణ ఒడ్డుకి తిప్పినవాడు. వీడి పేరు అన్నయ్య ఒక్కరి దగ్గర కూడా బయటపెట్టలేదు, అదే వీణ్ని లోపల్లోపల తినేస్తోంది. “వెళ్లి కాళ్ల మీద పడరా వెధవా” అన్నాను. “ఏ మొహం పెట్టుకుని పడను?” అన్నాడు. తిట్టాల్సినవన్నీ తిట్టి, తర్వాత నేనూ ఏడ్చాను.

బస్సు సంగతి తెలిశాక మా వీధి పఠన మందిరంలో బడి మేష్టారు నలుగురినీ కూర్చోబెట్టి ఒక ఏర్పాటు చేశారు. సాయిబుల ఇళ్లవాళ్లకి ప్రయాణం ఉంటే అక్కడి నల్లబల్ల మీద ఊరి పేరు రాస్తారు. అటువైపు పనున్న మనవాళ్లెవరైనా కింద తమ పేరు రాసి తోడు వెళతారు. ఊరేగింపులూ, ఉపన్యాసాలూ ఏం లేవు, సుద్దముక్క ఒకటి చాలింది. మొదట గాజుల మలారం మోసే ఆయనకి గుడివాడ దాకా మా పక్కింటాయన తోడు వెళ్లాడు. తర్వాత ఇంకో ఇద్దరు ముగ్గురు వెళ్లారు. ఒకరోజు పొద్దున చూస్తే ‘బందరు – పిల్ల పురుడు’ అని ఖాదరన్నయ్య వంకర అక్షరాలు. దాని కింద నేను ‘నాంచారమ్మ’ అని నా పేరు రాసేశాను. తల్లి లేని పిల్ల. తల్లి స్థానంలో ఎవరో ఒకరు వెళ్లాలిగా?

తోడుకి మాణిక్యమ్మ వచ్చింది. మా వీధి మంత్రసాని, మస్తాన్‌బీకి బొడ్డు కోసింది ఆవిడే. అరవై దాటినా ఎవరి మాటా పడదు. సోమవారం చలిమిడి చేసి డబ్బాలో పెట్టాను. తమ్ముణ్ని పిలిచి, “రేపు సాయంత్రం బండికి జట్కా తీసుకుని స్టేషనుకి రా. అన్నయ్య కూడా ఉంటాడు” అన్నాను. “నేను రానక్కా” అన్నాడు. “రాకపోతే నీ గడప తొక్కను” అన్నాను.

మంగళవారం సంగతి నాకు తట్టకపోలేదండోయ్. మంగళవారం ఆడపిల్లని ఇల్లు కదిలించం. కానీ సాయిబులకి ఆ పట్టింపు ఉండదులే అనుకున్నాను. బుధ, గురువారాల్లో మగ్గం మీద పడుగు ఎక్కించే పనుంది. అదీ నా లెక్క.

పొద్దున ఆరింటికి స్టేషను చేరాం. మూడో తరగతి టిక్కెట్లు ఇద్దరికీ కలిపి రెండున్నర రూపాయల చిల్లర అయ్యాయి. బండి ఆరూ నలభైకి కదిలింది. ఆడవాళ్ల పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదురుగా ములక్కాడల గంప పెట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుంది.

“ఎందాకమ్మా?” అంది.

“బందరు. పిల్లని పురిటికి తెచ్చుకోడానికి.”

“మీ పిల్లా?”

“మా వీధి పిల్ల. మస్తాన్‌బీ.”

పేరు వినగానే ఆవిడ గంప దగ్గరికి లాక్కుని కిటికీ వైపు తిరిగిపోయింది. నాకు ఒళ్లు మండింది. మాణిక్యమ్మ నా మోచేయి గిల్లి ఊరుకోమంది. ఉప్పలూరు దాటాం. కాలవ పక్కన నారుమళ్లు, వాటిలో వంగిన ఆడకూలీలు. ఇందుపల్లి వచ్చేసరికి ఆవిడకి ఉండబట్టలేదు. ఇటు తిరిగి, “ఎన్నో నెల?” అంది.

“తొమ్మిది.”

“ఓసి మీ తెలివి తెల్లారిపోనూ! తొమ్మిదో నెల పిల్లని రైలెక్కిస్తారటే? ఏడో నెల్లో ఏం చేస్తున్నారు, గాడిదల్ని కాస్తున్నారా?”

ఏడో నెల్లో ఏం జరిగిందో మాణిక్యమ్మ చెప్పింది. ఉయ్యూరు, బస్సు, ఇరవై మైళ్ల నడక. ఎవరు దింపారో చెప్పలేదు, ఆవిడకీ తెలీదు కాబట్టి. పెద్దావిడ గుడివాడలో దిగబోతూ, గంప కింద పెట్టుకునే చుట్టకుదురు, పాత చీర మెలిపెట్టి చుట్టినది, నా ఒళ్లో పడేసింది. “గుడ్లవల్లేరు దగ్గర బండి తెగ కుదుపుతుంది. ఇది విప్పి పిల్ల నడుం కింద పెట్టండి” అంది. “మరి నీ గంపో?” అంటే, “కూలివాడు మోస్తాళ్లే” అని దిగిపోయింది. ఒళ్లు మండిందన్నానే, ఆ మంట చల్లారిపోయింది.

గుడివాడలో బండి ఇరవై నిమిషాలు ఆగుతుంది. ఇంటి నుంచి తెచ్చిన పులిహోర అక్కడే తినేశాం. ప్లాట్‌ఫారం మీద కాఫీ అమ్ముతారు గానీ వేణ్నీళ్లకి రంగేసినట్టుంటుంది, తాగకండి. పెడన దగ్గర మా కులంవాళ్లే లుంగీల మూటలతో ఎక్కారు. నూలు ధర ఎంతుందో, ఎక్కడ దొరుకుతుందో మాటలు కలిశాయి. పదిన్నరకి బందరు. స్టేషను నుంచి ఇనగుదురుపేటకి జట్కా ఆరణాలు.

మస్తాన్‌బీ అత్తగారు హుస్సేన్‌బీ గుమ్మంలోనే ఉంది. సన్నటి మనిషి, అద్దకం పనికి వేళ్లన్నీ ఎర్రగా పండిపోయి ఉన్నాయి. “రండమ్మా రండి” అని చాప పరిచి, కొబ్బరిబోండాలు కొట్టించింది. పెరట్లో చూద్దును కదా, మూడు ఇటుకల పొయ్యి, కొత్త కుండలు, కొత్త తెడ్డు, చేటలో బియ్యం, కందిపప్పు, చింతపండు, మిరపకాయలు. వాళ్ల వంట మేం తినమేమోనని మాకు స్వయంపాకం ఏర్పాటు చేసింది. మేం ఇలా వస్తున్నామని కబురందింది మొన్ననే. ఆ రెండు రోజుల్లోనే అన్నీ అమర్చి పెట్టింది.

“ఇవన్నీ ఎందుకండీ, మూడింటి బండికే పిల్లని తీసుకుని వెళ్లిపోతాం” అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. “ఇవాళ మంగళవారం కదమ్మా!”

“మీకూ ఉందా?” అన్నాను, నోరు జారి.

“మాకెందుకుండదు? మేమేమన్నా ఆకాశం నుంచి ఊడిపడ్డామా? మంగళవారం కోడల్ని గడప దాటించను.”

మాణిక్యమ్మ నా వైపు చూసిన చూపుకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. నలభై రెండేళ్లు వచ్చాయి. ఒకే కాలవ నీళ్లు తాగే మనుషుల ఇంట్లో ఏముందో, ఏం లేదో తెలీకుండా బతికేశాను.

సరే, రేపు వెళతాం అన్నాను. ఆవిడ విసనకర్ర అందుకుని నాకు విసురుతూ కూర్చుంది. కాసేపటికి తనే అంది. “మంగళవారమే అయితే ఎంతలో పోతుందమ్మా. నా భయం వేరే ఉంది. వియ్యంకుడు మగాడు, దింపేస్తే నడిచి వెళ్లాడు. ఈ పిల్లని దింపేస్తే? కాన్పు ఇక్కడే చేస్తాను. మా ఆయన కూడా అదే అంటున్నాడు. మీరు ఇంత దూరం వచ్చినందుకు మీ కాళ్లకి దణ్ణం.”

నేనుంటాను కదా అనొచ్చు. మా వీధి అంతా ఉంది, నల్లబల్ల ఉంది అనొచ్చు. మాటలకేం, బోలెడున్నాయి. కానీ అసలు మాట గొంతులో పెట్టుకుని ఆ మాటలు ఎలా చెప్పను? పిల్లని ఇచ్చి పంపాక రేపెప్పుడో ఆవిడకి తెలిస్తే?

“ఖాదరన్నయ్యని దింపింది మా తమ్ముడే” అన్నాను. “నా తోడబుట్టినవాడు. బెజవాడ స్టేషనుకి జట్కా తెచ్చేదీ వాడే. అది తెలిసి పంపితే పంపండి, లేకపోతే లేదు.”

విసనకర్ర ఆగిపోయింది. ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోయింది.

మాణిక్యమ్మ నోటిమీద చెయ్యి వేసుకుంది. “నాక్కూడా చెప్పలేదేమే! చెప్పి చెప్పి ఇక్కడా చెప్పడం? ఇంక పంపినట్టే” అంది. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాను.

తెర వెనక ఉండి మస్తాన్‌బీ అంతా విన్నది. నిండు కడుపు మోసుకుంటూ వచ్చి నా పక్కన కూలబడింది. పిల్ల మొహం పాలిపోయి ఉంది, కాళ్లు వాచాయి. “వెంకటేశు బాబాయా అత్తయ్యా?” అని ఒక్కటే అడిగింది. ఔనమ్మా అన్నాను. “నాన్న ఆ పేరు నాకు రాయలేదు” అంది. నా ఒళ్లో తలపెట్టుకుని పడుకుంది. నేను జుట్టు చిక్కు తీస్తూ కూర్చున్నాను. మూడింటి బండి కూత వినపడింది. అది ఎక్కి వస్తామని అక్కడ ఇద్దరు ఎదురుచూస్తారన్న సంగతి ఆ క్షణాన నాకు గుర్తుకు కూడా రాలేదు.

పొద్దు వాలుతుంటే హుస్సేన్‌బీ బయటికొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కోపంతోనో ఏడ్చో తెలీలేదు. “పొయ్యి వెలిగించుకోండమ్మా, చీకటి పడితే ఇబ్బంది” అంది.

“నువ్వే వండు వదినా. తింటాను.”

అంతవరకూ ‘అండీ’ అంటున్న నా నోటికి వదినా అన్న పిలుపు ఎలా వచ్చిందో నాకే తెలీదు. పుట్టి బుద్ధెరిగాక సాయిబుల ఇంట వండిన మెతుకు తిన్న మనిషిని కాను.

“ఎందుకు?” అంది ఆవిడ.

“నీ కోడల్ని నా చేతుల్లో పెట్టమని అడగడానికి వచ్చాను. నీ చేతి అన్నం మాత్రం వద్దంటే నీకెలా ఉంటుంది?”

మాణిక్యమ్మ గొణుగుతుందేమోనని భయపడ్డాను. ఆవిడ తాపీగా తమలపాకుకి సున్నం రాసుకుంటూ, “ఈ పిల్ల బొడ్డు కోసిన చేతులివి. నాకింకా కొత్తగా మైలేమిటి? కాస్త కారం తగ్గించమను” అంది.

హుస్సేన్‌బీ ఆ కొత్త కుండల్లోనే వండింది. “పాత కుండల్లో వండినా తినేదాన్నే” అంటే, “నా పట్టింపు నాకుంటుంది, ఇంటికొచ్చినవాళ్లకి పాత కుండలో పెట్టను” అంది. పప్పు, చింతకాయ పచ్చడి, గడ్డ పెరుగు. మొదటి ముద్ద గొంతు దిగడానికి కష్టమే అయింది, అబద్ధం ఎందుకు? మూడో ముద్దకి ఆకలి గెలిచింది. ఉప్పు సరిపోయిందా అని ఆవిడ మూడు సార్లు అడిగింది. సరిపోయింది తల్లీ అన్నాను మూడు సార్లూ.

చేతులు కడుక్కున్నాక అంది. “ఆ సంగతి నీ నోటితో నువ్వే చెప్పావు వదినా. ఇంకొకళ్ల దగ్గర విని ఉంటే బ్రహ్మదేవుడొచ్చినా పంపేదాన్ని కాదు. రేపు తీసుకెళ్లు. కానీ మీ తమ్ముణ్ని నేను క్షమించాననుకోకు. అది నా చేతిలో లేదు, మా వియ్యంకుడి చేతిలో ఉంది.”

బుధవారం ఎనిమిదింటి బండి. పిల్ల మగడు స్టేషను దాకా వచ్చి, ఏం చెప్పాలో తెలీక నీళ్ల కూజా ఒకసారి నింపి, పారబోసి, మళ్లీ నింపి ఇచ్చాడు. హుస్సేన్‌బీ హల్వా పొట్లం నా కొంగున కట్టింది. ఆడవాళ్ల పెట్టె కిక్కిరిసి ఉంటే మామూలు పెట్టెలో ఎక్కాం. కాలేజీ కుర్రాళ్లు ఇద్దరు మస్తాన్‌బీ నల్ల బురఖానీ, కడుపునీ చూసి మాట్లాడకుండా లేచి తలుపు దగ్గర నిలబడ్డారు. వాళ్లు లేస్తుంటే నా గుండె ఆగినంత పనైంది. చోటు ఇవ్వడానికి లేచారని తెలిశాక వాళ్లని కూర్చోబెట్టి హల్వా పెట్టాను.

ములక్కాడలావిడ చెప్పినట్టే గుడ్లవల్లేరు దగ్గర బండి గంతులేసింది. పిల్ల పొట్ట పట్టుకుని “అత్తయ్యా” అంది. నా ప్రాణాలు పైనే పోయాయి. చుట్టకుదురు విప్పి ఆ పాత చీర నడుం కింద సర్దాను. మాణిక్యమ్మ కడుపు మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని, చాలాసేపు చూసి, “నొప్పులూ లేవు, గిప్పులూ లేవు. దీనికి ఆకలేస్తోంది. ఆ చలిమిడి తియ్యి” అంది. పెట్టెలో అందరూ నవ్వారు. పిల్ల కూడా నవ్వుతూ తింది. అటూ ఇటూ నాలుగు మడులు దున్నుతున్న మనుషులు కనపడ్డారు, తొలకరికి నేల మెత్తబడింది. ఏదో పెద్ద పని చేసొస్తున్నానని నాకేం అనిపించలేదు. ఒక ఇంట్లో అన్నం తిని, ఆ ఇంటి పిల్లని జాగ్రత్తగా తెస్తున్నాను, అంతే. భయం మాత్రం ఇంకా పోలేదు. బెజవాడలో అన్నయ్య ఎదురుగా మా వాడు ఎలా నిలబడతాడో, అసలు వస్తాడో రాడో.

పదకొండూ నలభైకి బెజవాడ వచ్చింది. కిటికీలోంచి చూశాను. ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద ఖాదరన్నయ్య కూర్చుని ఉన్నాడు. గడ్డం చెరిగిపోయి, పీక్కుపోయిన మొహంతో. ఆ బెంచీ మీదే పక్కన మా వెంకటేశు. వాడి పైపంచ అన్నయ్య బుజాల మీద ఉంది. నిన్న సాయంత్రం బండికి వచ్చారట ఇద్దరూ, చెరో చివరా నిలబడ్డారట. మేం దిగలేదు. తర్వాత బండికీ దిగలేదు. ఇంటికి వెళ్లలేక, ఒకరినొకరు వదల్లేక, పొద్దున దాకా వచ్చిన ప్రతి బండి పెట్టెలూ ఇద్దరూ వెతికారట.

తంతి ఒక్కటి ఇవ్వాలని నా బుర్రకి తట్టలేదు చూశారా. అది నా తప్పే.

వెంకటేశు పరుగెత్తుకొచ్చాడు. ముందు పిల్లని చూశాడు, తర్వాత నన్ను. “బతికే ఉన్నారా అక్కా?” అన్నాడు.

“మంగళవారం పంపనన్నారురా, అంతే” అన్నాను.

“ఎవరో దింపేశారనుకున్నాను” అన్నాడు. “ఏ స్టేషన్లోనో ఎవడో లేచి దిగమని ఉంటాడు, ఈ పిల్ల దిగి ఎక్కడో నడుస్తూ ఉంటుంది అనుకున్నాను. నేను దింపానుగా అక్కా. నాలాంటివాడు ఇంకొకడు ఉండడా?”

వాణ్ని ఎన్ని తిట్టానో, ఎన్ని చెప్పానో ఇన్నాళ్లూ. ఈ ఒక్క రాత్రి వాడికి నేర్పింది అందులో ఒక్కటీ నేర్పలేదు.

ఖాదరన్నయ్య కూతురి తల మీద చెయ్యి పెట్టి ఏదో చదువుకుంటున్నాడు. అయిపోయాక కళ్లు తుడుచుకుని మా తమ్ముడి వీపు మీద ఒక్క చరుపు చరిచాడు. “రాత్రంతా ఇదే పాట చెల్లెమ్మా, నన్ను కాస్త నడుం వాల్చనివ్వలేదు. ఇంక చాల్లేరా వెంకటేశూ. అటు పట్టుకో, పిల్ల నిలబడలేకపోతోంది” అన్నాడు.

ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని మస్తాన్‌బీని నడిపించుకుపోయారు. నేనూ మాణిక్యమ్మా మూటలు మోసుకుంటూ వెనక నడిచాం.